‘యాడికి పోతాండావు?’: కడప అరుగు మీద క్రొయేషియన్ విభక్తులు

పోయిన వేసవిలో మా తమ్ముడి కొడుక్కు క్రొయేషియాలోని స్ప్లిట్ నగరంలో ఒక హోటలు వంటగదిలో పని దొరికింది. కాగితాలు చేతికి వచ్చిన సాయంత్రమే వాడు కడపలోని మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, ‘పెద్దనాయనా, వంటగదిలో అందరూ ఇంగ్లీషు మాట్లాడరంట, వాళ్ల బాస నేర్చుకోవాల, నువ్వు నాకు నేర్పియ్యి’ అన్నాడు. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణే కాని, క్రొయేషియన్ భాషలో ఒక్క అక్షరం కూడా నాకు అప్పటికి తెలియదు. అయినా పిల్లవాడు నమ్మకంతో అడిగినప్పుడు కాదనలేక, ఇద్దరం కలిసే నేర్చుకుందామని చెప్పాను. వీసా వచ్చేలోపు దొరికిన నాలుగు నెలలూ ప్రతి సాయంత్రం అదే అరుగు మీద కూర్చున్నాము. ఆ నాలుగు నెలల్లో మాకు ఎక్కువ కష్టం కలిగించినవి రెండు: నామవాచకానికి ముందు వచ్చే చిన్న చిన్న మాటలు, సర్వనామాలు. వాటిని తెలుగువాడు ఏ వైపు నుంచి పట్టుకుంటే సులువుగా లొంగుతాయో, కొత్తగా నేర్చుకునేవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

మొదటి వారం మేము తప్పు దారిలో నడిచాము. ఎక్కడో దొరికిన పట్టికలో ‘ఉ’ అంటే లో, ‘న’ అంటే మీద, ‘స్’ అంటే తో, ‘ఒద్’ అంటే నుంచి అని, ఒక్కో మాటకు ఒక్కో అర్థం చొప్పున ఉంది. వాడు దాన్ని రెండు రోజుల్లో కంఠస్థం చేశాడు. తీరా వాక్యాలు రాయిస్తే, అభ్యాసాల వెనుక ఇచ్చిన జవాబులతో ఒక్కటీ సరిపోలేదు. తప్పు ఎక్కడుందో నాకూ తెలియలేదు. మరునాడు నేను బజారుకు బయలుదేరి తలుపుకు తాళం వేస్తుంటే, ఎదురింటి అవ్వ అలవాటుగా ‘యాడికి పోతాండావు నాయనా?’ అని అడిగింది. ఆ మాట విన్న తరువాత దారి పొడవునా అదే ఆలోచన. మనం ‘యాడ పోతాండావు’ అని అడగము, ‘యాడికి’ అనే అడుగుతాము. కూర్చున్నవాణ్ణి ‘యాడుండావు’ అనీ, వచ్చేవాణ్ణి ‘యాడ్నించి వస్తాండావు’ అనీ అడుగుతాము. ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఇంటికి వచ్చి పుస్తకం తిరగేస్తే క్రొయేషియన్‌లోనూ ఆ మూడూ వేర్వేరుగానే కనిపించాయి: ‘గ్ద్యె’ అంటే యాడ, ‘కమొ’ అంటే యాడికి, ‘ఒదక్లె’ అంటే యాడ్నించి. పట్టికలో లోపించింది ఇదే. ఆ భాషలో ‘ఉ’ అనే మాట ఒక్కటే ఉన్నా, దాని వెనుక ఏ ప్రశ్న ఉందన్నదాన్ని బట్టి తరువాత వచ్చే నామవాచకం చివర మారుతుంది.

ఉదాహరణల్లోకి వెళ్లే ముందు ఉచ్చారణ గురించి కొంచెం. క్రొయేషియన్‌కు లాటిన్ లిపిలో ముప్పై అక్షరాలు ఉన్నాయి. 1830లో ల్యుదెవిత్ గాయ్ ప్రతిపాదించిన పద్ధతి నుంచి వచ్చిన వర్ణమాల ఇది. ఒక ధ్వనికి ఒక అక్షరం అన్న నియమం దాదాపు పూర్తిగా పాటిస్తుంది కనుక, రాసినట్టే చదవడానికి అలవాటుపడిన మనకు హాయిగా ఉంటుంది. వాళ్ల త, ద లు మనవాటిలాగే పళ్లకు నాలుక తాకించి పలికేవి. తాలవ్యమైన చ కాక, మనం ‘చుక్క’ అనేటప్పుడు పలికే దంత్య చ వాళ్లకు వేరే అక్షరంగానే ఉంది. జాగ్రెబ్ అనే పేరులోని జ కూడా ‘జొన్న’లోని జకు దగ్గర. ష ధ్వనిని గొంతు నాదంతో పలికితే వచ్చే మరో ధ్వని ఉంది; మనకు అది లేదు కనుక ఇక్కడ ‘ఝ’తో రాస్తున్నాను. ఆ దేశానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ‘హృవత్స్క’. అందులోని ఋ నిజంగా అచ్చే, మనం పుస్తకాల్లో మాత్రమే మిగుల్చుకున్న ఋకారం అక్కడ ఇంకా నోళ్లలో ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ‘సొబ’ అంటే గది. ‘ఉ సొబి’ అంటే గదిలో. ‘ఉ సొబు’ అంటే గదిలోకి. ‘ఇజ్ సొబె’ అంటే గదిలోంచి. మొదటి రెండింటిలోనూ ముందున్న మాట ‘ఉ’ ఒక్కటే. లో, లోకి అనే తేడాను మనం ప్రత్యయంలో చూపిస్తే, వాళ్లు గది అనే మాట చివరి అచ్చులో చూపిస్తారు. ఉన్న చోటు చెప్పేటప్పుడు అది వాళ్ల లెక్కలో లొకతివ్ విభక్తి, అంటే మన సప్తమి; చేరే చోటు చెప్పేటప్పుడు అకుజతివ్, అంటే ద్వితీయ. బయటికి వచ్చే చోటుకు మాత్రం మాటే మారి ‘ఇజ్’ అవుతుంది, దాని తరువాత గెనితివ్, అంటే షష్ఠి, వస్తుంది.

‘న’ కూడా ఇదే వరుసలో నడుస్తుంది. ‘ఒతొక్’ అంటే దీవి. ‘న ఒతొకు’ అంటే దీవి మీద, ‘న ఒతొక్’ అంటే దీవి మీదికి, ‘స్ ఒతొక’ అంటే దీవి మీదనుంచి. ఇక మనిషి దగ్గర ఉండడం, మనిషి దగ్గరికి పోవడం, మనిషి దగ్గరినుంచి రావడం. వీటికి మా సీమలో కాడ, కాడికి, కాడ్నించి అనే చక్కని మాటలు ఉన్నాయి. ‘తెత’ అంటే పిన్ని లేదా మేనత్త. ‘కొద్ తెతె’ అంటే పిన్ని కాడ, ‘క్ తెతి’ అంటే పిన్ని కాడికి, ‘ఒద్ తెతె’ అంటే పిన్ని కాడ్నించి. లో, మీద, కాడ అనే మూడింటిని అడ్డంగానూ, యాడ, యాడికి, యాడ్నించి అనే మూడు ప్రశ్నలను నిలువుగానూ పెట్టి పలక మీద తొమ్మిది గళ్లు గీశాను. ఇరవై మాటల పట్టిక చేయలేని పని ఆ తొమ్మిది గళ్లు ఒక్క సాయంత్రంలో చేశాయి. మన ‘నుంచి’ అనే మాట ఒక్కటే అయినా, దాని ముందున్న లో, మీద, కాడలను బట్టి క్రొయేషియన్‌లో ఇజ్, స్, ఒద్ అని మూడుగా చీలుతుందని వాడికి అప్పుడు తెలిసింది. అంతవరకు అన్నిటికీ ‘ఒద్’ రాసేవాడు.

నామవాచకం చివర మారడం చూసి భయపడేవారికి నేను తెలుగునే గుర్తు చేస్తాను. రోలు అనే మాటకు లో చేర్చి మనం ‘రోలులో’ అనము, ‘రోట్లో’ అంటాము. ఏరు ఏట్లో అవుతుంది, ఇల్లు ఇంట్లో అవుతుంది. ఔపవిభక్తికాలు అని పేరు పెట్టి నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం ఇదే. ప్రత్యయం చేరే ముందు మాట ఒళ్లు మార్చుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. వాళ్ల దగ్గర ప్రత్యయం ముందుకు వచ్చి, మార్పు మాత్రం చివరనే నిలిచింది.

పై ఉదాహరణలో ‘న ఒతొక్’ అన్నప్పుడు దీవి అనే మాట ఏమీ మారలేదని గమనించి, ఇది తప్పేమో అని వాడు అడిగాడు. తప్పు కాదు. పుంలింగంలో ప్రాణం లేని వస్తువైతే అకుజతివ్ రూపం ప్రథమలాగే ఉంటుంది, ప్రాణమున్నదైతే మారుతుంది. ‘విదిమ్ గ్రద్’ అంటే పట్నం చూస్తున్నాను, ‘విదిమ్ బ్రత’ అంటే తమ్ముణ్ణి చూస్తున్నాను. తెలుగులో మనం చేసేదీ ఇదే కదా. పుస్తకం చదివాను అంటాము, తమ్ముణ్ణి చూశాను అంటాము. పుస్తకానికి ని అక్కరలేదు, తమ్ముడికి తప్పదు. ఈ పోలిక దొరికిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఏ చోటుకు ‘ఉ’ వాడాలి, ఏ చోటుకు ‘న’ వాడాలి అన్నది మాత్రం మన ఊహకు అందదు. ఊళ్లకు, దేశాలకు ఉ వస్తుంది: ఉ స్ప్లితు, ఉ హృవత్స్కొయ్, ఉ ఇందియి. దీవులకు న వస్తుంది కనుక, స్ప్లిట్‌కు ఎదురుగా ఉన్న బ్రాచ్, హ్వార్ దీవుల పేర్లు ఎప్పుడూ ‘న బ్రచు’, ‘న హ్వరు’ అనే వినిపిస్తాయి. పనిలో ఉన్నాను అనడానికి ‘న పొస్లు’, రైల్వే స్టేషనులో అనడానికి ‘న కొలొద్వొరు’. మనం సంతలో అంటే వాళ్లు సంత మీద అంటారు. కారణం వెతకకుండా చోటుతోపాటే ముందుమాటనూ కలిపి బట్టీ పట్టడం మేలు. ఉ తో వెళ్లిన చోటు నుంచి ఇజ్ తో తిరిగి వస్తారు, న తో వెళ్లిన చోటు నుంచి స్ తో తిరిగి వస్తారు. ఈ జత తప్పదు.

ఇంటి విషయం ప్రత్యేకం. ‘ఇదెమ్ కుచి’ అంటే ఇంటికి వెళ్తున్నాను. ముందుమాట ఏదీ లేదు, మన కి ప్రత్యయంలాగా దతివ్ విభక్తి ఒక్కటే చాలు. ఇంట్లో ఉన్నాను అనడానికి మాత్రం ‘కొద్ కుచె’, అంటే ఇంటి కాడ. మా ఊళ్లో కూడా ‘ఇంటికాడ ఉండాడు’ అనే అంటారు.

ఇక తెలుగువాళ్లందరినీ మోసం చేసే మాట ఒకటి ఉంది, అది మన ‘తో’. స్నేహితుడితో వెళ్లాను, కత్తితో కోశాను అని రెండు చోట్లా మనం తో వాడతాము. క్రొయేషియన్‌లో తోడు వచ్చేవారికి ‘స్’ అనే ముందుమాట, దాని తరువాత ఇన్‌స్త్రుమెంతల్ విభక్తి కావాలి: ‘స్ బ్రతొమ్’ అంటే తమ్ముడితో. పనిముట్టుకు మాత్రం విభక్తి ఒక్కటే, ముందుమాట ఉండకూడదు: ‘రెఝెమ్ నొఝెమ్’ అంటే కత్తితో కోస్తున్నాను. ‘స్ నొఝెమ్’ అంటే కత్తిని పక్కన తోడు పెట్టుకున్నట్టు అర్థం వస్తుంది. వాడు దీన్ని పదిసార్లు తప్పు రాశాక, నాకు మన పాత వ్యాకరణం గుర్తుకు వచ్చింది. తృతీయా విభక్తికి చేత, చే, తోడ, తో అని నాలుగు ప్రత్యయాలు చెబుతూ, పనిముట్టుకు చేత, సహవాసానికి తోడ అని మన వ్యాకరణాలు విడదీశాయి. తోడ అన్నదాంట్లోనే తోడు ఉంది. వ్యవహారంలో తో రెండు పనులనూ తన మీద వేసుకోవడం వల్ల ఆ తేడాను మనం మరిచాము. అందుకని వాడికి ఒక నియమం పెట్టాను: క్రొయేషియన్‌లో రాసే ముందు తెలుగు వాక్యాన్ని గ్రాంథికంలోకి మార్చుకో, ‘కత్తిచేత’ అని వస్తే స్ వద్దు, ‘తమ్మునితోడ’ అని వస్తే స్ కావాలి. ఆ తరువాత వాడు ఆ తప్పు చేయలేదు. బస్సులో వెళ్తాను అనడానికి కూడా వాళ్లు బస్సుచేత వెళ్తాను అన్నట్టే చెబుతారు: ‘పుతుయెమ్ అఉతొబుసొమ్’.

ఈ స్ ఒక్కటే రెండు విభక్తులతో రెండు అర్థాలు ఇస్తుంది. గెనితివ్‌తో వస్తే మీదనుంచి, ఇన్‌స్త్రుమెంతల్‌తో వస్తే తో. స్, ష, జ, ఝ లతో మొదలయ్యే మాటల ముందు పలకడానికి వీలుగా అది ‘స’ అవుతుంది: అక్కతో అనడానికి ‘స సెస్త్రొమ్’. అదేవిధంగా క్, గ్, హ్ ల ముందు ‘క్’ అనేది ‘క’ అవుతుంది.

గెనితివ్ తీసుకునే ముందుమాటలు చాలా ఉన్నాయి కాని వాటిలో చిక్కు తక్కువ. బెజ్ అంటే లేకుండా, దొ అంటే దాకా, జ్బొగ్ అంటే వల్ల, ఇస్ప్రెద్ అంటే ముందర, ఇజ అంటే వెనుక, బ్లిజు అంటే సమీపంలో. హోటలు పనికి పోయేవాడికి ‘కవ స్ మ్లియెకొమ్, బెజ్ షెచెర’, అంటే పాలతో కాఫీ, చక్కెర లేకుండా, అన్న ఒక్క వాక్యంలో రెండు విభక్తులు వచ్చేస్తాయి. నుంచి అనే అర్థమిచ్చే మాటలన్నీ గెనితివ్‌నే ఎందుకు పట్టుకుంటాయని నేను కొంతకాలం తల పట్టుకున్నాను. సంస్కృతంలో పంచమి వేరు, షష్ఠి వేరు. స్లావ్ భాషల్లో పూర్వపు పంచమి షష్ఠిలో కలిసిపోయింది. కనుక క్రొయేషియన్ ఏడు విభక్తుల్లో సంబోధన ఉంది, సప్తమి ఉంది, పంచమి మాత్రం షష్ఠి ఇంట్లో కాపురం ఉంటోంది.

‘జ’ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. అకుజతివ్‌తో వస్తే అది కోసం, ఇన్‌స్త్రుమెంతల్‌తో వస్తే వెనుక. మొదట్లో కోసం అనే అర్థం ఒక్కటే పట్టుకుంటే చాలు. గురించి అనడానికి ‘ఒ’, దాని తరువాత లొకతివ్.

సర్వనామాల దగ్గరికి వస్తే, య, తి, ఒన్, ఒన, ఒనొ, మి, వి, ఒని అని వల్లించడం అరగంట పని. నేను, నువ్వు, అతడు, ఆమె, అది, మేము, మీరు, వారు అన్నమాట. క్రియ చివరే కర్త ఎవరో తెలుస్తుంది కనుక, వస్తాను అన్నాక నేను అనక్కరలేనట్టే, వాళ్లు కూడా య, తి లను వదిలేస్తారు. కష్టం అక్కడ లేదు, కర్మగా వచ్చినప్పుడు ఉంది. నిన్ను అనడానికి ‘తెబె’ అని ఒక నిండు రూపం, ‘తె’ అని ఒక పొట్టి రూపం ఉన్నాయి. నీకు అనడానికి ‘తెబి’, ‘తి’. నన్ను ‘మెనె’, ‘మె’. నాకు ‘మెని’, ‘మి’. అతణ్ణి ‘న్యెగ’, ‘గ’; అతనికి ‘న్యెము’, ‘ము’. మామూలు మాటల్లో పొట్టి రూపమే వాడాలి. అది వాక్యం మొదట నిలవదు, రెండో స్థానంలో ఒదిగి ఉంటుంది.

ఇది వాడికి ఎలా చెప్పాలో తెలియక నేను మొదట తెలుగులో వెతికాను. మన ‘ఆ’ ప్రశ్నార్థకం, ‘ఏ’ నొక్కిచెప్పేది ఇలాంటివే. మరో మాటకు అంటుకుంటాయి తప్ప తమంతట తాము వాక్యం మొదలుపెట్టవు. అయితే ఇంతకంటే మంచి ఉదాహరణ మనం రోజూ చేతులు జోడించి పలికే మాటలోనే ఉంది. నమస్తే అంటే నమః, తే. ఆ తే అంటే నీకు. సంస్కృతంలో నీకు అనడానికి తుభ్యమ్ అనే నిండు రూపమూ, తే అనే పొట్టి రూపమూ ఉన్నాయి. తుభ్యమ్ వాక్యం మొదట రావచ్చు, తే రాకూడదు. క్రొయేషియన్ తెబి, తి లు కూడా అదే పాత కుటుంబం నుంచి వచ్చిన అదే ఏర్పాటు. ‘తే నమః’ అని ఎవరూ అనరు కదా అన్న తరువాత వాడు పొట్టి రూపాన్ని మొదట పెట్టడం మానేశాడు.

ఫోనులో పనికివచ్చే మాటలతో దీన్ని సాధన చేశాము. ‘చుయెమ్ తె’ అంటే నీ మాట వినిపిస్తోంది. బాగా వినిపిస్తోంది అంటే ‘దొబ్రొ తె చుయెమ్’. దొబ్రొ ముందుకు రాగానే తె దాని వెనుకకు చేరింది, క్రియ చివరికి పోయింది. వినిపించడం లేదంటే ‘నె చుయెమ్ తె’. ఇక్కడ నె, క్రియ కలిసి ఒకే మాటగా లెక్క. నా మాట వినిపిస్తోందా అంటే ‘చుయెష్ లి మె’. ఆ లి అచ్చంగా మన ఆ. రెండు పొట్టి రూపాలు కలిసి వస్తే నాకు అనేది ముందు, దాన్ని అనేది తరువాత: ‘దయ్ మి గ’, నాకు దాన్ని ఇవ్వు.

ముందుమాట తరువాత మాత్రం నిండు రూపం రావాలి. జ తెబె, ఒద్ తెబె, క్ తెబి, ఒ తెబి. నీ కోసం, నీ నుంచి, నీ దగ్గరికి, నీ గురించి. నాతో అనడానికి ‘స మ్నొమ్’, నీతో అనడానికి ‘స్ తొబొమ్’. పైన తొమ్మిది గళ్లలో చెప్పిన విభక్తే ఇక్కడా వస్తుంది కనుక, ముందుమాటలనూ సర్వనామాలనూ విడివిడి పాఠాలుగా చదవకుండా కలిపి చదవాలని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాలు వీటిని పది పాఠాల దూరంలో పెట్టడం నాకు నచ్చలేదు.

మరొక చిక్కు ఉంది. ‘మి’ అంటే మేము, పొట్టి రూపం ‘మి’ అంటే నాకు. ‘తి’ అంటే నువ్వు, పొట్టి రూపం ‘తి’ అంటే నీకు. వాక్యం మొదట ఉంటే అది పొట్టి రూపం కాదని వెంటనే తెలుస్తుంది.

వస్తువులకు లింగం ఉండడం మాకు మరో ఇబ్బంది. తెలుగులో మహద్వాచకం, అమహద్వాచకం అనే విభజన అర్థాన్ని బట్టి ఉంటుంది. కత్తి, గరిటె, పాలు అన్నీ అమహత్తులే. అది అంటే ఒనొ అని పట్టిక చెప్పింది కనుక, వాడు అన్నిటికీ ఒనొ పెట్టాడు. కాని అక్కడ కత్తి, అంటే నొఝ్, పురుషుడు. దాన్ని ఒన్ అనాలి. చెంచా, అంటే ఝ్లిచ, స్త్రీ, ఒన అనాలి. పాలు, అంటే మ్లియెకొ, మాత్రమే ఒనొ. హల్లుతో ముగిస్తే ఒన్, అతో ముగిస్తే ఒన, ఒ లేదా ఎతో ముగిస్తే ఒనొ అన్న గుర్తు ఎక్కువ మాటలకు సరిపోతుంది. ఇది కత్తి, ఇది చెంచా అని చూపించి చెప్పేటప్పుడు మాత్రం అన్నిటికీ ‘తొ యె’ అనవచ్చు.

తెలుగులో ఉండి అక్కడ లేనిది కూడా ఒకటి ఉంది, అది మనం. వాళ్లకు మేము, మనం రెండూ మి యే. ‘మి ఇదెమొ న మొరె’ అంటే సముద్రానికి మేము వెళ్తున్నామో, నిన్నూ కలుపుకొని మనం వెళ్తున్నామో ఆ మాటను బట్టి తెలియదు. కొత్తచోట తోటి పనివాళ్లు ఆ మాట అంటే అది పిలుపో, కబురో తెలుసుకోవడానికి మళ్లీ అడగాలని వాడికి చెప్పి పంపాను. ఇంత అవసరమైన తేడాను ఒక భాష ఎలా వదులుకుందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మర్యాద విషయంలో మనకూ వాళ్లకూ పొంతన ఎక్కువ. పెద్దవారిని, కొత్తవారిని ‘వి’ అనాలి, క్రియ కూడా బహువచనంలో ఉండాలి, మీరు వచ్చారు అన్నట్టు. ఉత్తరంలో ఒక్కరినే ఉద్దేశించి మర్యాదగా రాస్తే ఆ మాటను పెద్ద అక్షరంతో మొదలుపెడతారు. చనువు పెరిగాక మీరు నుంచి నువ్వుకు మారడాన్ని ‘ప్రియెచి న తి’ అంటారు, అంటే తి మీదికి దాటడం. అందులో మన న, యాడికి అనే ప్రశ్న మళ్లీ కనిపిస్తాయి. మా సీమ ఇళ్లలో పెదనాన్నను, అవ్వను నువ్వు అనే పిలుస్తారు కనుక, ఇంట్లో తి, బయట వి అన్న పద్ధతి వాడికి విడిగా నేర్పవలసిన పని లేకపోయింది.

తన అనే మాట మనకున్నందుకు వాళ్ల ‘స్వొయ్’ సులువుగా వచ్చింది. ‘ఒన్ త్రఝి స్వొయ్ నొఝ్’ అంటే అతడు తన కత్తి వెతుకుతున్నాడు; ‘న్యెగొవ్ నొఝ్’ అంటే వెతికేది వేరొకరి కత్తి. తేడా ఒకటే. మనం తన అనేది మూడో మనిషికే వాడతాము, నేను నా కత్తి వెతుకుతాను. వాళ్లు నేను వెతికినా, నువ్వు వెతికినా స్వొయ్ అనే అంటారు. స్వగృహం, స్వగ్రామం అన్నప్పుడు మనం పలికే స్వ దీని చుట్టమే.

చివరికి మిగిలింది ‘నాకు’. నాకు చలిగా ఉంది అనడానికి ‘హ్లద్నొ మి యె’. నాకు నచ్చింది అనడానికి ‘స్విద్య మి సె’. నాకు కత్తి కావాలి అనడానికి ‘త్రెబ మి నొఝ్’, ఇందులో కత్తి ప్రథమలోనే ఉంది, మన వాక్యంలో ఉన్నట్టే. చలి, వేడి, ఇష్టం, అవసరం మనిషి చేసే పనులు కావు, మనిషికి కలిగేవి అని రెండు భాషలూ ఒకే తీరున అనుకున్నాయి. కడప ఎండల్లో చదువుతున్నందువల్ల మేము ఎక్కువసార్లు పలికిన వాక్యం ‘వ్రుచె మి యె’, నాకు వేడిగా ఉంది. అయితే ఈ పోలికను అంతటా పొడిగించకూడదు. నాకు ఆకలిగా ఉంది అనడానికి ‘గ్లదన్ సమ్’, అంటే ఆకలిగొన్నవాణ్ణి అని నేనుతో చెప్పాలి, ఆడపిల్ల అయితే ‘గ్లద్న సమ్’. నాకు తమ్ముడు ఉన్నాడు అనడానికి ‘ఇమమ్ బ్రత’, ఇక్కడ కలిగి ఉండడం అనే క్రియ, అకుజతివ్ వస్తాయి. నాకు తలనొప్పిగా ఉంది అంటే ‘బొలి మె గ్లవ’, నాకు కాదు, నన్ను.

వాడు వెళ్లి ఇప్పుడు ఏడో నెల. వెళ్లిన వారానికే ఫోను చేసి, ‘పెద్దనాయనా, ఇక్కడెవరూ కమొ అనడంల్యా, ఉన్నా పోయినా అన్నిటికీ ది అనే అంటాండారు’ అని కంగారుపడ్డాడు. వాడు చెప్పింది నిజమే. వాడుకలో గ్ద్యె అనేదే కమొ పనిని కూడా చేస్తోంది, స్ప్లిట్ వైపు అది ఇంకా కుదించుకుపోయి ‘ది’ అయింది. అక్కడ పాలను మ్లియెకొ అనకుండా మ్లికొ అనడమూ, ఇదెమ్ అనడానికి బదులు ఇదెన్ అనడమూ కూడా వింటావని చెప్పాను. కడపలో ఎక్కడికి అనేది యాడికి అయినట్టే, ఊరి మాట పుస్తకం మాటకంటే వేరుగా ఉంటుంది. ప్రశ్నలో యాడ, యాడికి కలిసిపోయాయి కనుక, జవాబులో చెప్పే ఊరి పేరు చివర మరింత జాగ్రత్తగా ఉండాలన్నాను.

నిన్న వాళ్లమ్మ ఇక్కడి నుంచి ఫోనులో ‘యాడుండావు నాయనా?’ అని అడిగితే, వాడు ముందు తెలుగులో చెప్పి, తరువాత నా కోసం ‘న పొస్లు సమ్, సుత్ర ఇదెమ్ న బ్రచ్’ అన్నాడు. పనిలో ఉన్నాను, రేపు బ్రాచ్‌కు వెళ్తున్నాను. మొదటి న తరువాత లొకతివ్, రెండో న తరువాత అకుజతివ్, రెండూ సరిగ్గానే పడ్డాయి. తిరిగి వచ్చాక దీవి మీదనుంచి వచ్చానని రాసి పంపమని చెప్పాను.